ఆ మూల తవ్వొద్దన్నాను

పదమూడేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. ఎంత బరువో చెప్పలేను. కిరాణా కొట్లో పుట్టినవాణ్ణి నేను. పసివాడిగా ఏడుస్తుంటే కాటా పళ్ళెంలో కూర్చోబెట్టేవారట, ఏడుపు మానేసేవాడినట. ఏ వస్తువైనా చేత్తో ఎత్తి ఇంతుంటుందని చెప్తే పెద్ద తేడా రాదు. దీన్ని మాత్రం ఇంతవరకూ తూచలేకపోయాను. తూచాలంటే ముందు కిందకి దించాలి కదా. దించలేదు.

ఇవాళ దించుతున్నాను, మీ ముందు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు, ఇద్దరికీ అదే క్షేమం. పేర్లు మార్చాను. ఈ చివర తుమ్మితే ఆ చివర చిరంజీవ అనే ఊరు యానాం. పేర్లు మార్చినంత మాత్రాన దాగేదేం లేదని తెలుసు. అయినా మార్చాను. అలవాటు. సరుకు అదే, సంచి వేరు.

విషయం చెత్త. నవ్వుకోండి, పర్లేదు. జనం బంగారం దగ్గరా, అధికారం దగ్గరా తప్పులు చేసి పరువు పోగొట్టుకుంటారు. నేను ఎంగిలి విస్తళ్ళూ, రొయ్య తలకాయలూ, కొబ్బరి డొక్కల దగ్గర చేశాను. తప్పులో కూడా చవక సరుకే ఏరుకున్నాను.

మెట్టకూరు పోయే దారిలో నాకొక పల్లపు జాగా ఉండేది. ఒకప్పుడు చేపల చెరువు. దాని యజమాని నష్టపోయి వదిలించుకుంటుంటే నేను తగులుకున్నాను. మనిషికి నిలువున్నర లోతు. ఈశాన్యం మూల మాత్రం పాత గట్టు ముక్క ఒకటి మిగిలింది, దాని మీద ఒక కొబ్బరిచెట్టు. ఆ మూల అసలు నేల. మిగతాదంతా గొయ్యి.

మా వైపు ఇల్లు కట్టడమంటే ముందు మెరక చేయడం. గోదారి పక్కన బతికేవాడికి నేల ఊరికే రాదు, పోసుకోవాలి. మంచి మట్టి తోలించి, రోడ్డుకంటే ఎత్తు చేసి, వానలు తాగనిచ్చి, అది కుంగాల్సినంత కుంగి కుదురుకున్నాక పునాది తీస్తారు. ఎవరినైనా జాగా కొన్నావా అని అడిగితే, రెండో ప్రశ్న మెరక అయిందా అనే. నా గొయ్యి నిండా మట్టి తోలిస్తే జాగా కొన్నంత ఖరీదూ మట్టికే అవుతుంది. అది నాకు నచ్చలేదు.

ఆ రోజుల్లో ఊరి చెత్త ఎత్తే ట్రాక్టర్లు రెండు మా కొట్టు ముందు నుంచే పోయేవి. చెత్త పోసే చోటు దూరం. నా గొయ్యి దారిలో. వాళ్ళకి దూరం కలిసొస్తుంది, నాకు గొయ్యి పూడుతుంది. ఒప్పందం కుదరడానికి రెండు టీలు పట్టింది. వాళ్ళని తప్పు పట్టను. అడిగింది నేను.

ఏడాదిపాటు పోశారు. నేను పొద్దున్నే వెళ్ళి నిలబడేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే, ఒక వ్యాపారి చెత్తని కూడా సరుకులా పరీక్షించడం ఎంత వింతగా ఉండి ఉంటుందో! ట్రాక్టరు చక్రం మట్టిలో ఎంత దిగబడిందో చూసి లోడు బరువు అంచనా కట్టేవాణ్ణి. బరువైన లోడొస్తే సంతోషం. బరువుంటే గట్టిగా కూర్చుంటుంది, గట్టిగా కూర్చుంటే కుంగదు అని నా లెక్క. తేలిగ్గా కవర్లూ, కాగితాలూ ఎక్కువున్న లోడొస్తే డ్రైవరుతో పేచీ పెట్టుకునేవాణ్ణి కూడా. చెత్త నాణ్యత తగ్గిందని పేచీ పెట్టినవాడు ఈ గోదారి జిల్లాల్లో నేనొక్కణ్ణే అనుకుంటాను.

ఆ బరువు నీళ్ళు. అన్నం నీళ్ళు, కూరగాయ తొక్కల నీళ్ళు, చేపల బజారు నీళ్ళు. వానాకాలం ముందు చింతపండు మీద నాలుగు చుక్కలు చిలకరించి తూకం పెంచడం మా నాన్న నాకు అక్షరాల కంటే ముందు నేర్పాడు. తడి అంటే ఉత్తుత్తి బరువని ఆరేళ్ళప్పుడే తెలుసు. అలాంటివాడిని తడి చెత్త బరువు చూసి మోసపోయాను. నన్ను మోసం చేసిందెవరూ లేరు, చెత్త కూడా ఏమీ అనలేదు. నేనే వెళ్ళి పడ్డాను.

గొయ్యి నిండాక పైన నాలుగడుగులు మంచి మట్టి తోలించాను. బస్తా మూతి దగ్గర మంచి సరుకు ఉండాలి కదా. ఒక వానాకాలం ఆగాను. అడుగు పైగా కుంగింది. మళ్ళీ మట్టి పోసి చదును చేశాను. చలికాలం పొద్దున చెప్పులు విప్పి నిలబడితే కాళ్ళకి వెచ్చగా తగిలేది. లోపల ఏదో ఉడుకుతోంది. మొదట్లో పులిసిన పిండి వాసన వచ్చేది, కొన్నాళ్ళకి ఆ వాసన పోయింది. వాసన పోయిందంటే మాగిందనుకున్నాను. ఊరగాయ జాడీ లెక్క. అది తప్పు లెక్కని తర్వాత తెలిసింది. కానీ నిజం చెప్పాలి కదా ఇక్కడ: తెలియక అమ్మలేదు. వెచ్చగా ఉన్న నేల కుదురుకున్న నేల కాదని తెలుసుకోవడానికి చదువు అక్కర్లేదు. అందుకే అమ్మడానికి తొందరపడ్డాను.

కొనడానికి వచ్చింది మాణిక్యం.

మాణిక్యం చేపలమ్మే మనిషి. భర్త పోయాక ఒక్క కూతుర్ని గంప మీదే పెంచింది. తర్వాత మార్కెట్లో చిన్న అరుగు సంపాదించింది. బేరంలో నాకు సమ ఉజ్జీ అని నేను ఒప్పుకున్న మనిషి ఊళ్ళో ఆవిడొక్కతే. మా కొట్లో పప్పు కొన్నా, గుప్పెట్లోకి తీసుకుని ఊది, పొట్టు ఎంతుందో చూసి గానీ కొనేది కాదు. వెంట తమ్ముడు సూరిబాబుని తెచ్చింది. తాపీమేస్త్రి. మంచి పనివాడని పేరు. అక్క ఇల్లు తన చేత్తో కట్టాలని సంబరంగా ఉన్నాడు. భుజం మీద గునపం.

ఆ సంభాషణ నాకు మాట పొల్లుపోకుండా గుర్తుంది. మరచిపోతే బాగుణ్ణు.

"మొప్ప ఎత్తి చూడకుండా నేను చేప కొనను శెట్టిగారూ," అంది మాణిక్యం. "మీ నేలకి మొప్ప ఎక్కడుందో చెప్పండి."

"నేలకి మొప్పలేంటమ్మా? ఇదేమన్నా పండుగప్ప చేపా?"

"మీరమ్ముతుంటే నాకలాగే కనబడతందండి. పైకి నిగనిగలాడతంది. లోపల ఎక్కడో కంపుంటది."

సూరిబాబు మొహమాటపడ్డాడు. "ఊరుకో అక్కా. శెట్టిగారు పెద్దమనిషి."

"పెద్దమనిషి కాబట్టేరా గునపం తెచ్చింది. చిన్నోడైతే గోటితో గీకి చూసేదాన్ని."

"తవ్వుకో తల్లీ," అన్నాను. "జాగా అంతా నీ ముందే ఉంది. ఎక్కడ కావాలంటే అక్కడ తవ్వించుకో." అని, రెండడుగులు నడిచి, అప్పుడే గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగాను. "ఆ కొబ్బరిచెట్టు మూల మాత్రం వద్దు."

ఆవిడ ఆగింది. "ఏం? అక్కడేముంది?"

"ఏముంటుంది? చెట్టు కాపు మీదుంది. వేళ్ళు తెగితే పిందె రాలిపోతుంది."

"జాగా కొంటే చెట్టు నాది కాదా? వేళ్ళు నాయి, పిందె నాది. రాలితే నాదే రాలుద్ది, మీకెందుకండీ అంత బాధ? సూరీ, అక్కడే ఏయ్."

"అమ్మా, చెప్తున్నాను కదా…"

"మీరు చెప్తున్నారు కాబట్టేనండి."

నేను ఒకడుగు ముందుకేసి సూరిబాబు గునపం మీద చెయ్యి కూడా వేశాను. వేసి, ఆవిడ చూపు చూసి, తీసేశాను.

మా నాన్న ఒక మాట అనేవాడు. కొనేవాడి అనుమానాన్ని చంపకు, చంపితే దయ్యమై తిరుగుతుంది. దానికి నీకు కావాల్సిన చోట పీట వెయ్యి, కూర్చుంటుంది. జీవితమంతా కందిపప్పు బస్తాల దగ్గరా, బెల్లం దిమ్మల దగ్గరా ఆ పీట వేస్తూ బతికాం. కానీ గునపం మీద చెయ్యి వేయడం నాన్న నేర్పింది కాదు. అది నా సొంతం.

సూరిబాబు నాలుగడుగులు తవ్వాడు. నల్లటి ఒండ్రు మట్టి, అసలు నేల, వేల ఏళ్ళ గోదారి తెచ్చి పోసింది. మాణిక్యం గుప్పెట్లోకి తీసుకుంది, పిసికింది, వాసన చూసింది. మొహం వెలిగిపోయింది. వద్దన్న చోటే ఇంత శుభ్రంగా ఉంటే, తవ్వుకోమన్న చోట ఇంకెంత శుభ్రంగా ఉంటుందో అని ఆవిడ లెక్క. ఎంత చక్కటి లెక్క! నేనైనా అదే వేసేవాణ్ణి. ఇంకో చోట తవ్వించలేదు. ఆ ఊపులో ధర ఇంకాస్త తగ్గించమంది. నేను ఓడిపోయిన మొహం పెట్టి తగ్గించాను. ఓడిపోయిన మొహం పెట్టడం మా వృత్తిలో పెద్ద చదువు.

అప్పట్నుంచి మార్కెట్లో అదే కథ. ఆ శెట్టిగారు వద్దన్న చోటే తవ్వించాను, చెమటలు పట్టించాను, అని చెప్పి నవ్వేది. జనం కూడా నవ్వేవారు. నన్ను చూసి కూడా నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

జాగా అమ్మి ఊరుకుని ఉంటే ఇది మామూలు మోసం. ఇలాంటివి లోకంలో రోజూ జరుగుతాయి, వాటికి ఒప్పుకోలు రాయాలంటే కాగితం చాలదు. కానీ శంకుస్థాపనకి పిలిచారు. వెళ్ళాను. పునాది గోతులు తీస్తున్నారు. సూరిబాబు గోతిలో దిగి, మట్టిని కాలితో తొక్కి చూశాడు, మళ్ళీ తొక్కాడు. ఇంకో రెండడుగులు దింపుదాం అక్కా, మెరక నేల కదా, నాకెందుకో మెత్తగా అనిపిస్తోంది అన్నాడు. మాణిక్యం నావైపు తిరిగి, మెరక చేసి ఎన్నాళ్ళయిందండీ అని అడిగింది. మూడు వానలు తాగింది అన్నాను. తాగింది ఒక్కటి. అయితే చాల్లేరా, ఉన్న సిమెంటు భూమిలోనే పోస్తే గోడలకేం మిగుల్తుంది అని తమ్ముణ్ణి కసిరింది. అతను ఒకసారి పార వైపు చూసి, సరే అన్నాడు.

ఇంకో రెండడుగులు. ఆ పార రెండడుగులు దిగి ఉంటే నా కవర్లు పైకొచ్చేవి. అప్పుడు కేకలేసి, నా డబ్బు కక్కించి, నాలుగు రోజులు ఊళ్ళో నా పరువు తీసి వదిలేసేవారు. అందరం బాగుపడేవాళ్ళం.

మొదటి ఏడాది ఏమీ కాలేదు. రెండో ఏడాది పడమటి గది తలుపు పట్టేసింది. వానకి చెక్క ఉబ్బిందని చిత్రిక పట్టించింది. ఆరు నెలలకి మళ్ళీ పట్టేసింది. తర్వాత గోడ మీద సన్నగా బీట కనిపించింది. ఈశాన్యం గది దగ్గర మొదలై, ఏటవాలుగా, దక్షిణపు గోడ దాకా. సున్నం పూశారు. సున్నంలోంచి మళ్ళీ వచ్చింది. చూడటానికి వెళ్ళినవాళ్ళకి అదొక బీట. నాకు అది నా గొయ్యి అంచు. చెరువు గట్టు ఎక్కడ ఆగిందో, చెత్త ఎక్కడ మొదలైందో, గోడ మీద గీత గీసి చూపిస్తోంది. కొబ్బరిచెట్టు మూల గది చెక్కుచెదరకుండా నిలబడింది. మిగతా ఇల్లు దాన్ని విడిచి దిగిపోతోంది.

వానాకాలంలో పెరట్లో నీళ్ళు నిలిస్తే అందులో బుడగలు వచ్చేవి. ఒకే చోట, వరసగా. పీతలండీ, మా ఇంట్లో పీతలు కూడా కాపురం పెట్టాయి అని మాణిక్యం నవ్వింది. ఆ బుడగలు ఏంటో నాకు అప్పటికి తెలుసు.

ఎలా తెలుసంటే, వర్తకులందరికీ చెత్త వేరు చేయడం గురించి ఒక పూట క్లాసు పెట్టారు. నేను చివరి వరసలో కూర్చున్నాను. కుర్ర మాస్టారు ఒకాయన, ఓపిగ్గా చెప్పాడు. మన చెత్తలో తడి ఎక్కువ, ఆ తడే దాని బరువు. కుళ్ళేటప్పుడు మొదట పులుస్తుంది, వేడెక్కుతుంది. తర్వాత పులుపు విరిగి, వాసన లేని వాయువు పుడుతుంది, అంటుకునే వాయువు. వాసన పోయిందంటే పని అయిపోయిందని కాదు, అసలు పని అప్పుడే మొదలైందని. లోపలి రసం నల్లటి నీళ్ళయి కిందకి దిగుతుంది. ఘనపదార్థం వాయువుగా, నీళ్ళుగా మారి పోతుంటే పైది కూలబడుతుంది. అదీ అంతా ఒకేలా కాదు. అన్నం ఉన్న చోట కూలుతుంది, కొబ్బరి డొక్క ఉన్న చోట ఆగుతుంది, ప్లాస్టిక్ కవరున్న చోట నీళ్ళు సంచిలో పట్టినట్టు నిలుస్తాయి. మొదటి ఏళ్ళలో వేగంగా కుంగుతుంది, తర్వాత నెమ్మదిగా, కానీ దశాబ్దాలు కుంగుతూనే ఉంటుంది. అందుకని పాత చెత్త మీద ఇల్లు కట్టకూడదు.

పక్కనున్న బట్టల కొట్టాయన నిద్రపోతున్నాడు. నేను మాత్రం ఒక్క ముక్క వదల్లేదు. మా చిన్నప్పుడు కుంచంతో ధాన్యం కొలిచేవారు. కుదిపి కొలిస్తే ఒక లెక్క, కుదపకుండా పోస్తే ఒక లెక్క. కుదపకుండా పోసి అమ్మాను. ఇప్పుడు భూమి తీరిగ్గా కుదుపుతోంది. అంతే విషయం. చివర్లో ఏమన్నా సందేహాలా అని మాస్టారు అడిగాడు. ఒకటుంది. అడగలేదు.

ఆ క్లాసు నుంచి నేరుగా మాణిక్యం ఇంటికెళ్ళొచ్చు. పది నిమిషాల దారి. వెళ్ళానా? కొట్టుకెళ్ళాను. కొట్టు మూసే వేళ కాలేదని నాకు నేను చెప్పుకున్నాను. మర్నాడు? మర్నాడు ఆదివారం. ఆ తర్వాత సోమవారాలు చాలా వచ్చాయి.

బీటలో వేలు దూరేంత అయ్యాక అక్కాతమ్ముళ్ళకి చెడింది. సిమెంటు తిన్నావురా అని ఆవిడ, దేవుడి మీద ఒట్టు అని అతను. ఇరుగుపొరుగు సర్దలేక, పెద్దమనుషుల్ని కూర్చోబెట్టారు. ఆ పెద్దమనుషుల్లో నేనొకణ్ణి. పిలిచినప్పుడు ఒంట్లో బాలేదని చెప్పొచ్చు. చెప్పలేదు. రాకపోతే అనుమానం వస్తుందేమోనని వెళ్ళాను. అంటే చూడండి, అప్పటికి కూడా పీటలు సర్దుకుంటూనే ఉన్నాను.

మాణిక్యం వాదన విన్నవాళ్ళెవరూ కాదనలేరు. నేల మంచిది, నేను తవ్వించి చూశాను, శెట్టిగారు వద్దన్న చోట తవ్వించాను, ఆయనే సాక్షి. ఆ మూల గది చూడండి, వెంట్రుక బీట లేదు. అదే నేల, అదే ఇల్లు, ఆ గది నిలబడి మిగతావి పడుతున్నాయంటే ఏంటర్థం? ఆ గది నేను దగ్గరుండి కట్టించాను. మిగతావి గంప నెత్తినెత్తుకుని నేను బజారుకెళ్ళాక వీడు కట్టాడు.

నా పీట మీద కూర్చోబెట్టిన అనుమానం లేచి వెళ్ళి, ఆవిడ తమ్ముడి మెడ పట్టుకుంది. నేను అలా అనుకోలేదు. అనుకోలేదనేది సంజాయిషీ కాదని తెలుసు.

సూరిబాబు ఎక్కువ మాట్లాడలేదు. ఇంకో రెండడుగులు దింపుదామని ఆరోజే అన్నాను, అక్కే వద్దంది అన్నాడు. నువ్వనలేదు అంది ఆవిడ. అబద్ధమాడిందనుకోను. నిజంగానే మర్చిపోయిందేమో. తాను వద్దన్న సంగతి ఎవరు గుర్తుంచుకుంటారు? అప్పుడు సూరిబాబు నావైపు తిరిగాడు. "శెట్టిగారూ, మీరక్కడే ఉన్నారు. మీరే చెప్పండి, నేనన్నానా లేదా?"

అందరూ నావైపు చూశారు. ఫ్యాను తిరుగుతోంది. ఎవరో తెచ్చిన టీ నా చేతిలో ఉంది.

"నాకు గుర్తు లేదు" అన్నాను.

అన్నాడని చెప్తే ఏమవుతుంది? మేస్త్రి తప్పు లేదు, మరి నేల సంగతేంటని రెండో ప్రశ్న వస్తుంది. ఎన్ని వానలు తాగిందని మూడో ప్రశ్న వస్తుంది. నాలుగో ప్రశ్న గునపంతో వస్తుంది. అందుకని మొదటి ప్రశ్న దగ్గరే తలుపేశాను. ఇంకేదైనా గొప్ప కారణం ఉందేమోనని చాలా ఏళ్ళు నాలో నేను వెతుక్కున్నాను. భయమో, పరువో, పిల్లల భవిష్యత్తో. ఉంటే బాగుణ్ణు. డబ్బు తిరిగివ్వాల్సొస్తుందని. అంతే.

సూరిబాబు నన్ను తిట్టలేదు. ఒక క్షణం చూశాడు. అతనికి అర్థమైందా? అతని కాలికి తెలిసిన మెత్తదనం, నా నోట్లోంచి వచ్చిన మాట, రెండూ కలిపి చూసుకున్నాడా? తెలీదు. కండువా దులుపుకుని లేచి వెళ్ళిపోయాడు.

అక్క ఇంట్లోనే సిమెంటు తిన్నవాడికి పని ఎవరిస్తారు? మా ఊళ్ళో ఎవరూ ఇవ్వలేదు. కాకినాడ వైపు పోయి, వేరే మేస్త్రి కింద కూలికి చేస్తున్నాడని విన్నాను. తన కింద పదిమందిని పెట్టుకుని పని చేయించినవాడు. నాలుగేళ్ళ కిందట మాణిక్యం కూతురి పెళ్ళయింది. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి తీసుకురావాల్సింది మేనమామ. కబురు పంపలేదు, అతను రాలేదు. వరసకి తమ్ముడయ్యేవాడెవరో గంప పట్టాడు. గంప వస్తుంటే మాణిక్యం అటు చూడకుండా, వంటవాళ్ళ మీద ఏదో కేకేసింది. నేను ముందు వరసలో ఉన్నాను, పెద్దమనిషిని కదా. భోజనం బాగుంది. పెరుగు రెండోసారి వేయించుకున్నాను. ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. వేయించుకున్నాను కాబట్టి రాస్తున్నాను.

ఇన్నాళ్ళకి ఇప్పుడెందుకంటే, మొన్న జరిగిన దానికి.

మాణిక్యం ఇల్లు బాగుచేయించాలనుకుంది. పడమటి గదిలో గోళీ వేస్తే తనంతట తను మూలకి దొర్లుతోంది. ఒక ఇంజనీరుని పిలిపించింది. ఆయన చేత్తో తిప్పే పొడవాటి బరమాతో నేలలో రంధ్రం వేసి మట్టి తీసి చూస్తానన్నాడు. రెండు మూడు చోట్ల వేద్దామన్నాడు. ఈవిడ బేరమాడి ఒకటి చాలంది. ఎక్కడ వేయాలన్న మాట వచ్చింది. నేనూ ఉన్నాను. నన్ను పిలిచింది ఆవిడే. జాగా నాదగ్గర కొన్నది కదా, మంచీచెడ్డా చెప్తానని.

ఆ పూట నేను నిర్ణయించుకునే వెళ్ళాను. ఒప్పుకోవడానికి కాదు, అంత ధైర్యం నాకెక్కడిది. బరమా చేత చెప్పిద్దామని. అది పడమటి గదిలో దిగితే చాలు, నాలుగైదు అడుగులకి నా కవర్లు పైకొస్తాయి, నేను నోరు విప్పక్కర్లేదు. ప్లాస్టిక్ కదా, పదమూడేళ్ళకి అక్షరం కూడా చెరగదు. అందులో మా కొట్టు పేరు కూడా ఉంటుంది.

"ఆ కొబ్బరిచెట్టు మూల వద్దు మాణిక్యం," అన్నాను. "పడమటి గదిలో వేయించు."

ఆవిడ నన్ను చూసింది. పళ్ళు రెండు ఊడాయి ఇప్పుడు, నవ్వు మాత్రం అదే. "మళ్ళీనా శెట్టిగారూ! ముసలోళ్ళయినా బుద్ధి పోలేదు మీకు."

"నిజంగా చెప్తున్నానమ్మా."

"అప్పుడూ నిజంగానే చెప్పారు గదండీ." ఇంజనీరు వైపు తిరిగింది. "బాబూ, ఆ మూలే వెయ్యండి. ఈయనెక్కడ వద్దంటే అక్కడే."

ఇంజనీరు ఆ మూలే వేశాడు. నల్లటి ఒండ్రు వచ్చింది. చేతిలో నలిపి చూసి, ఇక్కడైతే నేల బాగుంది, మరి లోపం కట్టడంలోనే ఉండుంటుంది అన్నాడు. మాణిక్యం నవ్వు ఆగిపోయింది. వెళ్ళి చేతులు కడుక్కుంది, చాలాసేపు. తమ్ముడు నిర్దోషి అని తేలుతుందేమోనన్న ఆశ ఎక్కడో ఆవిడకీ ఉన్నట్టుంది. అది నాకప్పుడే తెలిసింది. బాగుచేత అని చెప్పింది గానీ, ఆవిడ తవ్వించింది దానికోసమేమో.

నా అబద్ధం ఒకసారి సూరిబాబుని దొంగని చేసింది. రెండోసారి నా నిజమే చేసింది. నా దగ్గర నిజం కూడా అబద్ధం రేటుకే చెల్లుతుంది. ఇన్నేళ్ళు నేను చేసిన వ్యాపారానికి మిగిలింది అదే.

అక్కడే అరిచి చెప్పొచ్చు కదా అంటారు. నేనూ నన్ను అదే అడిగాను. నోరు తెరిచాను కూడా. ఎండ మండుతోంది, వస్తానమ్మా అన్నాను.

అందుకని ఇలా రాస్తున్నాను. ఇదీ బేరమే అని నాకు తెలుసు. చెప్పాల్సిన ఇద్దర్నీ వదిలేసి, ముక్కూమొహం తెలియని మీకు చెప్పడం చవక. మీరు గునపం పట్టుకుని రారు. మీరు క్షమించినా నేను తీసుకోను, అది మీ సరుకు కాదు. రేపు ఈ కాగితాలు పట్టుకుని ఆ గుమ్మం దాకా వెళ్తానా? వెళ్తానని ఇక్కడ రాసుకుంటే మీకు బాగుంటుంది, నాకూ బాగుంటుంది. మాటిస్తే ఇంకో అప్పు. ఇవ్వను. అయితే ఒకటి. ఇంతవరకూ ఏ కాగితం మీదా, ఏ చెవిలోనూ లేని మాటలు ఇప్పుడు ఒకచోట ఉన్నాయి. నేను పోయినా ఉంటాయి. ఆ మేరకి భుజం తేలికైంది, అబద్ధమెందుకు.

ఇక మెలిక లేకుండా, పీట వేయకుండా, నాలుగు ముక్కలు.

మాణిక్యం, ఆ కొబ్బరిచెట్టు మూల వదిలెయ్. పడమటి గదిలో గచ్చు పగలగొట్టించు. నాలుగడుగులు దాటాక నల్లటి తడి చెత్త వస్తుంది, డొక్కలు, కవర్లు, వాటి మీద మా కొట్టు పేరు. అది పోయించింది నేను. ఆ నేల మూడు వానలు తాగలేదు. ఒక్కటే తాగింది.

సూరిబాబు ఆరోజు గోతిలో నిలబడి, ఇంకో రెండడుగులు దింపుదాం అక్కా అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. విన్నాను.

నాకు గుర్తుంది.